కిరీటానికి బదులు బానెటు

పాతకాలపు వెండి రూపాయలు దాచుకున్న ఇళ్ళు తెలుగుదేశంలో నేటికీ కొన్ని ఉన్నాయి. ఆ రూపాయల మీద విక్టోరియా మహారాణి ముఖం ముద్రించి ఉంటుంది. 1840వ సంవత్సరపు రూపాయపై ఆమెకు కిరీటం లేదు. జుట్టు వెనుకకు ముడిచిన పడుచు రూపం అది. 1862 నుండి వెలువడిన రూపాయలపై మాత్రం ఆమె శిరస్సున కిరీటం వెలసింది. ఆమెను కన్నులారా చూడని కోట్లాది భారతీయులకు రాణి అంటే ఆ కిరీటధారిణియే. కాని ఆ కిరీటం నాణెం మీదికి ఎక్కిన కాలానికే ఆమె తన తలపైనుండి దానిని దించివేసింది. ఇది చరిత్రలోని వింతలలో ఒకటి.

1887వ సంవత్సరం జూన్ 21వ తేదీన లండను నగరంలో ఆమె పాలన యొక్క ఏబదియేండ్ల ఉత్సవం జరిగింది. యూరపు రాజులు, రాజకుమారులు, భారతదేశపు సంస్థానాధీశులు తరలివచ్చారు. ఆరు గుఱ్ఱాలు పూన్చిన తెరపు బండిలో, భారతీయ అశ్వదళం వెంటరాగా, అరువది యెనిమిదేండ్ల రాణి వెస్ట్‌మినిస్టర్ దేవాలయానికి బయలుదేరింది. వీథులకు ఇరువైపుల నిలిచిన లక్షలాది జనం ఆమె తలపై చూచినది కిరీటం కాదు. లేసుతోను, వజ్రాలతోను అలంకరించిన బానెటు. అనగా గడ్డం క్రింద రిబ్బనుతో ముడివేసుకొనే స్త్రీల టోపీ. అటువంటి టోపీ ఆనాటి ఇంగ్లండులో పాలమ్ముకొనే స్త్రీకి కూడ ఉండేది. మహాసామ్రాజ్యానికి అధినేత్రి అయిన స్త్రీ తన మహోత్సవ దినాన ఆ టోపీనే ఎందుకు కోరుకున్నదో తెలుసుకోవాలంటే ఆమె జీవితాన్ని తెలుసుకోవాలి; ఆ టోపీ కట్టుబడిని కూడ కొంత తెలుసుకోవాలి.

విక్టోరియా 1819వ సంవత్సరం మే 24వ తేదీన లండనులోని కెన్సింగ్టన్ రాజభవనంలో జన్మించింది. తండ్రి కెంట్ ప్రభువు ఆమెకు ఏడాది నిండకముందే మరణించాడు. తల్లి జర్మను రాజకుటుంబపు స్త్రీ. కుమార్తె ఏనాటికైనా సింహాసనం ఎక్కగలదని తెలిసిన నాటి నుండి ఆ తల్లి ఆమెను కంటికి రెప్పవలె కాచింది. కాపుదల చివరకు చెరవలె పరిణమించింది. బాలిక తల్లి గదిలోనే నిద్రించాలి. ఎవరో ఒకరి చేయి పట్టుకొనకుండా మెట్లు దిగరాదు. తోడి పిల్లల సావాసం లేదు. ఆ ఒంటరితనంలో ఆమెకు తోడైనవి 132 కొయ్యబొమ్మలు. తన సంరక్షకురాలైన లేజెన్ అనే జర్మను స్త్రీతో కలిసి ఆమె ఆ బొమ్మలకు దుస్తులు కుట్టేది. గుడ్డ కత్తిరించడం, అంచు మడవడం, లేసు కుచ్చుపట్టడం అన్నీ ఆ చిన్న వ్రేళ్ళకు అలవడ్డాయి. ముందుముందు రాజ్యాలను పాలించవలసిన చేతులు మొదట సూదిని పట్టాయి.

1837వ సంవత్సరం జూన్ 20వ తేదీన తెల్లవారుజామున ఆమెను నిద్రలేపి పెదతండ్రి విలియం రాజు మరణించినాడని తెలిపారు. ఆమెకు పదునెనిమిదేండ్లు నిండి నెల కూడ కాలేదు. రాణిగా ఆమె మొదట చేసిన పనులలో ఒకటి తన పడకను తల్లి గదినుండి తీయించడం. మరుసటి సంవత్సరం జూన్ 28వ తేదీన పట్టాభిషేకం జరిగింది. పూర్వపు పట్టాభిషేక కిరీటం ఆ చిన్న తలకు మిక్కిలి బరువు కాగలదని వేరొక కిరీటం చేయించారు. అదియు కిలోకు మించినదే. దాదాపు ఐదు గంటలు సాగిన ఆ తంతులో, చిటికెన వ్రేలికి చేయించిన ఉంగరాన్ని ప్రధాన మతాచార్యుడు ఉంగరపు వ్రేలికి బలవంతంగా తొడిగాడు. దానిని తీయడానికి ఆమె చాలా బాధపడవలసి వచ్చింది. రాజచిహ్నాలు కంటికి ఎంత ఇంపైనవో ఒంటికి అంత కష్టమైనవని ఆమె తొలినాడే తెలుసుకున్నది.

ఆ కాలపు ఇంగ్లండులో మర్యాదగల స్త్రీ బట్టతలతో వీథిలోనికి రావడం లేదు. అనగా తలపై ఆచ్ఛాదన లేకుండ గడప దాటడం లేదు. ఇంటిలో పలుచని గుడ్డకుల్లాయి, వీథిలో దానిపై బానెటు, చలికాలపు రాత్రివేళ దూది పెట్టి కుట్టిన పట్టుముసుగు ధరించేవారు. వీనిలో బానెటు కట్టుబడి ఒక పెద్ద విద్య. అది ముఖ్యంగా రెండు విధాలు: గడ్డితో చేసినది ఒకటి, గుడ్డతో చేసినది రెండవది.

గడ్డి బానెటుకు పుట్టిల్లు లూటన్, డన్‌స్టబుల్ పట్టణాల ప్రాంతం. అక్కడి గోధుమగడ్డి సన్ననిది, మెరుపుగలది. కంకి కోసిన తరువాత కణుపుల నడుమనున్న నున్నని గొట్టాలను ఏరి, పరిమాణాన్ని బట్టి కట్టలు కట్టేవారు. పంతొమ్మిదవ శతాబ్దపు ప్రారంభంలో గడ్డిగొట్టాన్ని నిలువుగా సన్నని చీలికలుగా చీల్చే చిన్న పనిముట్టు వాడుకలోనికి వచ్చింది. దానితో అల్లిక ఎంతో సున్నితమయింది. చీలికలను తడిపి, తాటాకు చాప అల్లినట్లు పేనుతూ పొడవైన జడపట్టెగా అల్లేవారు. ఆ పట్టెను చిన్న కొయ్యరోలర్ల నడుమ నొక్కి చదును చేసి, ఇరువది గజాల లెక్కన సంతలో అమ్మేవారు. దానిని కొన్న కుట్టుపనివారు తల నడినెత్తిన బొట్టంత చుట్టతో మొదలుపెట్టి, ఒక వరుస అంచు మరొక వరుసపై పడునట్లు గుండ్రంగా కుట్టుకొంటూ పోయేవారు. తరువాత సరేసు పట్టించి, కొయ్య అచ్చుపై బిగించి, ఇస్త్రీతో రూపం దిద్దేవారు. తల కప్పే గుండు, ముఖానికి నీడనిచ్చే అంచు ఆ విధంగా తయారయ్యేవి.

ఆ జడ అల్లినవారు చాలమంది స్త్రీలు, పసిపిల్లలు. అల్లిక నేర్పే బడులని పేరుపెట్టి ఇరుకైన గదులలో నాలుగైదేండ్ల బిడ్డలను కూడ కూర్చుండబెట్టేవారు. అక్కడ అక్షరాలు నేర్పడం తక్కువ, అల్లించడం ఎక్కువ. గడ్డి ఎండిపోకుండ పిల్లలు చీలికలను నోటితో తడిపేవారు; పెదవులు చీలి పుండ్లు పడేవి. 1867లో వచ్చిన కార్ఖానాల చట్టము, 1870లో వచ్చిన విద్యాచట్టము ఆ బడులను క్రమంగా మూయించాయి. తరువాత చైనా, జపాను దేశాలనుండి చవుకగా దిగిన జడపట్టె ఆ పల్లెల పనినే మాపివేసింది.

గుడ్డ బానెటుకు ఎముకలవంటిది బక్రం. జిగురుతో గట్టిపరచిన ముతకబట్ట. దానిని గుండుకు ఒక ముక్కగా, అంచుకు ఒక ముక్కగా కత్తిరించి, చుట్టూ సన్నని తీగ కుట్టేవారు. తీగ ఉన్నది కనుకనే అంచును కావలసిన వంపుకు వంచవచ్చు. దానిపై పట్టుబట్టను ఏటవాలుగా కత్తిరించి పరిస్తే ముడుత పడకుండ వంపులకు ఒదిగేది. లోపల పలుచని అస్తరు, అంచు లోపలివైపు ముఖం చుట్టూ లేసు కుచ్చు, పూలు అమర్చేవారు. వెనుక మెడ ఎండకు నల్లబడకుండ చిన్న తెరవంటి గుడ్డను వ్రేలాడదీసేవారు. ఇరువైపుల గజం పొడవైన రిబ్బనులు గడ్డం క్రింద ముడిపడేవి. మరొక రకంలో బక్రం ఉండదు. పేము బెత్తాలనో, తిమింగలపు నోటిలోని వంగే పలకలనో వరుసగా వంచి, వాటిపై పట్టును కుచ్చులుగా గుచ్చేవారు. ఎత్తైన కేశాలంకారం నలగకుండ ధరించే పెద్దముసుగు ఈ పద్ధతిలోనే తయారయ్యేది. రిక్షా పైకప్పును వెనుకకు మడిచినట్లు దానిని మడవవచ్చు, ముందుకు లాగవచ్చు.

ఇట్టి టోపీ రాణి జీవితంలో తొలిసారి అర్థవంతంగా కనిపించేది ఆమె పెండ్లినాడు. 1840వ సంవత్సరం ఫిబ్రవరి 10వ తేదీన ఆమె తన మేనమామ కుమారుడైన ఆల్బర్టును వివాహమాడింది. ఆనాడు ఆమె కిరీటం పెట్టుకొనలేదు; నారింజపూల దండ ధరించింది. దుస్తులకు స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాండ్ర తెల్లపట్టు, డెవన్ సీమలోని బీర్ అనే పల్లె స్త్రీలు అల్లిన హానిటన్ లేసు వాడించింది. మెత్తపై సూదులు గ్రుచ్చి, దారపు కండెలను అటూ ఇటూ మార్చుతూ అల్లే లేసు అది. యంత్రపు లేసు వచ్చి ఆ చేతిపనివారి నోటికూడు పడగొట్టుచున్న కాలమది. అదే శతాబ్దంలో మిషనరీల ద్వారా మన నరసాపురం ప్రాంతానికి వచ్చిన లేసుపని వేరొక రకానిది. అది కొక్కెంతో అల్లేది. కాని దాని వెనుక ఉన్నది కూడ పేద స్త్రీల కన్నుల కష్టమే. పెండ్లి విందు ముగిసిన తరువాత రాణి తెల్లపట్టు గౌను, నారింజపూలు తురిమిన బానెటు ధరించి భర్తతో విండ్సరు కోటకు బయలుదేరింది. దేవాలయంలోనికి రాణిగా వెళ్ళిన స్త్రీ బానెటు కట్టుకొని గృహిణిగా బయటకు వచ్చింది. ఆ రెండు పాత్రలను ఒకే శిరస్సుపై మోయడమే ఆమె శేషజీవితపు కథ.

తరువాతి పదునేడేండ్లలో తొమ్మిదిమంది బిడ్డలు కలిగారు. ఆల్బర్టు ఆమెకు భర్త, స్నేహితుడు, ఆంతరంగిక కార్యదర్శి కూడ అయినాడు. ఆ కాలపు బానెటు ఆకారం కూడ గృహజీవితపు ఆదర్శానికి తగినట్లే మారింది. ఆమె సింహాసనమెక్కిన నాటికి అంచులు విచ్చుకొని, గుండు నిటారుగా నిలిచేది. 1840 తరువాత గుండు, అంచు ఒకే గీతలో కలిసి, ముఖానికి ఇరువైపుల గోడలవలె దిగాయి. ధరించిన స్త్రీకి ఎదురుగా ఉన్నదే కనబడుతుంది. ప్రక్కనుండి చూచేవారికి ఆమె ముఖం కనబడదు. ఎండ తీవ్రమైనపుడు దానికి ముందు మరొక మడతనీడను కట్టేవారు. దాని అందవికారాన్ని బట్టి జనులు దానికి కురూపి అనే పేరే పెట్టారు. స్త్రీని లోకపు చూపునుండి, లోకాన్ని స్త్రీ చూపునుండి మరుగుపరచే టోపీ అది. అయినను ఆ టోపీ లోపలినుండి చూచుచున్న ఒక స్త్రీ ప్రతిదినం మంత్రుల కాగితాలు చదివి సంతకాలు చేయుచున్నది.

ఆ బానెటు ఒకనాడు ఆమెను కాపాడింది కూడ. ఆమె జీవితకాలంలో ఏడుగురు ఆమెపై దాడిచేశారు. వారిలో ఆమెకు నిజంగా గాయం చేసినవాడు ఒక్కడే. 1850వ సంవత్సరం జూన్ 27వ తేదీ సాయంకాలం ఆమె తన బిడ్డలతో కలిసి, మరణశయ్యపై ఉన్న పినతండ్రి కేంబ్రిడ్జి ప్రభువును చూచి తిరిగి బండిలో వచ్చుచున్నది. వాకిట జనసమ్మర్దం వలన బండి నిలిచింది. రాబర్ట్ పేట్ అనే మాజీ సైనికోద్యోగి ముందుకు వచ్చి చేతికర్రతో ఆమె తలపై కొట్టాడు. బానెటు నలిగిపోయింది. నుదుట వాపు, కంటివద్ద కమిలిన మచ్చ మిగిలాయి. దెబ్బ బలంలో కొంత ఆ టోపీ భరించింది. లేకున్న గాయం ఇంకను పెద్దదై ఉండేది. ఇంటికి వెళ్ళి పడుకొమ్మని చుట్టూ ఉన్నవారు బ్రతిమాలినను ఆమె వినలేదు. ఆ రాత్రియే కమిలిన ముఖంతో నాటకశాలకు వెళ్ళి ప్రజలకు కనిపించింది. ప్రజలు లేచి నిలిచి జయజయధ్వానాలు చేశారు. పేట్‌కు ఏడేండ్ల ప్రవాసశిక్ష పడింది. తనను దాచుకొనడం కంటె కనబరచుకొనడమే రాణికి రక్షణ అని ఆనాడు ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఆ పాఠాన్ని తరువాత పదేండ్లపాటు మరచిపోవడమే ఆమె జీవితంలోని పెద్ద పొరపాటు.

1855వ సంవత్సరం ఆగస్టులో ఆమె పారిస్ నగరానికి అతిథిగా వెళ్ళింది. పారిస్ స్త్రీల బానెటు అప్పటికి కుంచించుకొనిపోయి తలవెనుకకు జారింది, ముఖమంతా బయటపడింది. రాణి మాత్రం మండుటెండలో కూడ పెద్ద తెల్లపట్టు బానెటు, దానికి వ్రేలాడే రిబ్బనులు, మెత్తని ఈకలు, చేతిలో కుక్కపిల్ల బొమ్మ కుట్టిన సంచి ధరించి దిగింది. నాగరికులు మూతులు ముడుచుకున్నారు. ఫ్రెంచి సామ్రాజ్ఞి యూజెనీ సొగసు ముందు ఈ పొట్టి రాణి పల్లెటూరి ఇల్లాలివలె కనబడింది. కాని నాటకశాలలో ఇద్దరును ప్రజలకు వందనం చేసిన తరువాత జరిగిన ఒక చిన్న విషయాన్ని జనులు చాలకాలం చెప్పుకున్నారు. యూజెనీ ఆసనం ఉన్నదో లేదో అని వెనుదిరిగి చూచి కూర్చున్నదట. విక్టోరియా వెనుకకు చూడకుండనే కూర్చున్నదట. పుట్టుకతోనే రాణి అయినవారికి ఆసనం ఉండితీరునన్న నమ్మకం ఉంటుంది. అట్టివారికి టోపీ ఏదైనను ఒకటే.

1861వ సంవత్సరం డిసెంబరు 14వ తేదీన ఆల్బర్టు మరణించాడు. వైద్యులు సన్నిపాతజ్వరమని చెప్పారు. ఆయన వయస్సు 42, ఆమెదియు 42. ఆనాటి ఆచారం ప్రకారం వితంతువు రెండేండ్లపాటు గాఢదుఃఖ చిహ్నాలు ధరించి, తరువాత క్రమంగా వాటిని సడలించవచ్చు. విక్టోరియా వాటిని నలువదేండ్లు ధరించింది. వితంతువు బానెటు కట్టుబడియే వేరు. చట్రంపై మెరిసే పట్టుకు బదులు క్రేప్ కప్పుతారు. అది పట్టుదారపు బట్టయే, కాని వేడియంత్రంతో ముడుతలు పొదిగి మెరుపు చంపినది. వానచినుకు పడితే పాడయ్యే బట్ట అది. అలంకారం లేదు, పూలు లేవు. వెనుక దీర్ఘమైన నల్లముసుగు. లోపల ముఖం చుట్టూ మాత్రం తెల్లని సన్నకుచ్చు. ఇంటిలో నుదుట కోణంగా దిగే తెల్లని వితంతుకుల్లాయి. రాణి రూపమంటే ప్రపంచానికి నేటికీ గుర్తుకువచ్చేది ఈ తెల్లకుల్లాయి, నల్లదుస్తులే.

ఆమె నల్లదుస్తులలో మూలకు ఒదిగిన కాలంలో కూడ లండను విందులు ఆగలేదు. 1863లో యువరాజు పెండ్లియై డెన్మార్కు రాకుమారి అలెగ్జాండ్రా కోడలిగా వచ్చింది. ఆమె గౌరవార్థం జరిగిన నృత్యోత్సవానికి ప్రభుకుటుంబపు స్త్రీల దుస్తులు అందించడానికి రాత్రింబవళ్ళు కుట్టిన మేరీ ఆన్ వాక్లీ అనే ఇరువదేండ్ల యువతి మరణించింది. ఇరువదియారు గంటలకు మించి ఎడతెరపి లేకుండ ఆమె పనిచేసినదని పత్రికలు వ్రాశాయి. టోపీలు, గౌనులు కుట్టే యువతుల పనిగంటలను గురించి ఇరువదేండ్ల క్రితమే, 1843లో, ప్రభుత్వ విచారణసంఘం నివేదిక వెలువడింది. విందులు జోరుగా సాగే నెలలలో రోజుకు పదునెనిమిది గంటలు కుట్టేవారని అందులో తేలింది. తెలిసియు మార్పు రాలేదు. రాణి దుఃఖాన్ని దేశమంతా ఎరుగును. ఆ బట్టలు కుట్టిన చేతుల దుఃఖం ఒక మరణం జరిగితే తప్ప వార్తకు ఎక్కలేదు.

రాణి ఏకాంతవాసం ఏండ్ల తరబడి సాగింది. ప్రభుత్వపు కాగితాలు మాత్రం ఆమె విడువలేదు. ప్రజలకు కనబడడమే మానివేసింది. 1866లో పార్లమెంటు ప్రారంభానికి మంత్రుల ఒత్తిడిపై వచ్చినపుడు ఆమె రాజవస్త్రం ధరించలేదు. దానిని సింహాసనంపై పరపించి తాను నల్లదుస్తులలో, వితంతుకుల్లాయితో కూర్చున్నది. ఉపన్యాసాన్ని వేరొకరు చదివారు. కంటికి కానరాని రాణికి ఇంత ఖర్చు ఎందుకని ప్రజలలో గొణుగుడు బయలుదేరింది. 1870లో ఫ్రాన్సు దేశం మరల ప్రజారాజ్యం కాగా ఇంగ్లండులో కూడ రాచరికం వద్దనే సంఘాలు వెలశాయి. అప్పుడు ఆమె ఒక మధ్యేమార్గం కనుగొన్నది. కుల్లాయి తీయకుండనే దానిపై పెట్టుకొనగల అరచేతిలో ఇమిడే వజ్రకిరీటాన్ని చేయించింది. దానిలో 1,187 వజ్రాలు ఉన్నాయి. రంగులేని రాళ్ళు కనుక దుఃఖచిహ్నాలకు భంగం లేదు. 1871వ సంవత్సరం ఫిబ్రవరి 9వ తేదీన పార్లమెంటు ప్రారంభానికి ఆమె దానిని తొలిసారి ధరించింది. ఆ సంవత్సరాంతంలో యువరాజు ప్రాణాపాయస్థితి దాటి కోలుకొనడం, 1872 ఫిబ్రవరిలో ఆమె అతనితో కలిసి కృతజ్ఞతాప్రార్థనకు సెయింట్ పాల్ దేవాలయానికి ఊరేగివెళ్ళడం ప్రజల మనస్సును మరల ఆమెవైపు త్రిప్పాయి. ఇరువది రెండేండ్ల నాటి పాఠం ఆమెకు మరల గుర్తుకువచ్చింది.

భారతదేశానికి ఆమె ఎన్నడును రాలేదు. 1858 నవంబరు 1న కంపెనీ పాలన తొలగి ఆమె పేరిట పాలన ప్రారంభమయింది. 1877 జనవరి 1న ఢిల్లీలో మహాదర్బారు జరిపి ఆమెను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించారు. ఆ సమయానికే దక్షిణదేశంలో ఘోరమైన కరవు వ్యాపించి ఉన్నది. బళ్ళారి, కర్నూలు, కడప మండలాలలో జనులు అన్నం లేక రాలిపోవుచుండగా ఢిల్లీలో విందులు జరిగాయి. 1876 నుండి 1878 వరకు సాగిన ఆ కరవులో లక్షలాది జనం నశించారు. ఆ ప్రాంతపు పేదవానికి రాణి అంటే పన్ను కట్టే రూపాయపై కిరీటం పెట్టుకున్న ముఖమే. లండనులో బానెటు క్రింద కనబడిన తల్లివంటి ముఖాన్ని అతడు ఎరుగడు. ఆమె 1887లో అబ్దుల్ కరీం అనే ఆగ్రావాసి వద్ద హిందూస్తానీ నేర్చుకొనడం ప్రారంభించి, ఓపికగా పుటలకొలది వ్రాసింది. ఆమెకు భారతదేశంపై కుతూహలం నిజమైనదే. కాని కుతూహలం వేరు, కరవులో కడుపునింపే పాలన వేరు.

ఆ 1887 ఉత్సవానికి ముందు రాణి తలపై ఏమి ఉండాలన్న ప్రశ్న పెద్ద చర్చగా మారింది. ఇంత వైభవానికి కిరీటమే తగినదని రాజనీతిజ్ఞులు భావించారు. కుటుంబసభ్యులు కోడలు అలెగ్జాండ్రాను రాయబారం పంపారు. ఆమె మందలింపు తిని తిరిగివచ్చింది. రాణి పట్టు విడువలేదు. తాను బానెటు ధరించడమే కాక, ఉత్సవానికి వచ్చే స్త్రీలందరు కూడ బానెటులతోనే రావాలని కట్టడి చేసింది. అప్పటికి పడుచులు బానెటును వదలి రిబ్బను ముడి అవసరంలేని టోపీలకు మారారు. 1860 నాటికి అంచు నుదుటిపై నిటారుగా లేచింది. తరువాత జుట్టుముడి పెద్దదై మెడవెనుక తెర తొలగిపోయింది. చివరకు బానెటు అరచేయంత కుంచించుకొనిపోయి వృద్ధస్త్రీల గుర్తుగా మిగిలింది. కనుక రాణి ఎన్నుకున్నది కేవలం టోపీని కాదు. తన వయస్సును, తన వైధవ్యాన్ని, ప్రతి వీథిలోనున్న ముసలమ్మతో తన పోలికను ఎన్నుకున్నది.

ఆ ఎన్నికలో మొండితనం ఎంత, వివేకం ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. భర్త పోయిననాడే ఉత్సవాలకు తాను దూరమైనట్లు ఆమె తలచడం నిజం. తల నిండ వజ్రాలు తాపించిన బానెటు పేదదాని బానెటు కాదన్నదియు నిజం. కాని వీథిలోని జనానికి కనబడినది మాత్రం ఇంటిపెద్ద ముఖమే. కిరీటం ధరించినవారిని చూచి జనులు తలవంచుతారు. బానెటు ధరించిన అవ్వను చూచి జేజేలు పలికారు. కిరీటమే తగినదన్న రాజనీతిజ్ఞుల కంటె ఆ వృద్ధస్త్రీయే ప్రజల మనస్సును బాగా చదివింది.

పదేండ్లకు, 1897 జూన్ 22వ తేదీన, అరువదియేండ్ల ఉత్సవం జరిగింది. సామ్రాజ్యంలోని అన్ని మూలలనుండి సైనికులు వచ్చారు. అప్పుడప్పుడే పుట్టిన చలనచిత్రయంత్రం ఆ ఊరేగింపును పట్టింది. మోకాళ్ళనొప్పి వలన రాణి సెయింట్ పాల్ దేవాలయపు మెట్లెక్కలేకపోయింది. ఆమె బండిలోనే కూర్చుండగా మెట్లపై ప్రార్థన జరిపారు. ఆనాడు కూడ బానెటే. దానిపై తెల్లనిపూలు, నల్లలేసు, తెల్లని ఈకల కుచ్చు. ఆ ఈకలకుచ్చులు తెల్లకొంగలకు గ్రుడ్లుపెట్టే కాలంలో మొలిచేవి. వాటికొరకు వేటగాండ్రు తల్లికొంగలను చంపగా గూళ్ళలో పిల్లలు ఆకలితో చచ్చేవి. దీనికి విరుద్ధంగా ఇంగ్లండులో కొందరు స్త్రీలు 1889లోనే సంఘం పెట్టారు. 1899లో రాణి కొన్ని సైనికదళాల టోపీలనుండి ఆ ఈకలను తీయించే ఉత్తరువును ధ్రువపరచింది. 1902లో భారతదేశపు ప్రభుత్వం ఈకల ఎగుమతిని నిషేధించింది. తలపై ధరించే చిన్నవస్తువు వెనుక ఎందరి ప్రాణాలు ఉంటాయో లోకం కొంచెం కొంచెంగా గుర్తించసాగింది.

1901వ సంవత్సరం జనవరి 22వ తేదీన వైట్ ద్వీపంలోని ఆస్‌బర్న్ భవనంలో విక్టోరియా మరణించింది. తన అంత్యక్రియలు ఎట్లు జరగాలో ఆమె ముందుగానే వ్రాసిపెట్టింది. నలువదేండ్లు నల్లబట్ట విడువని స్త్రీకి ఆమె ఆజ్ఞ ప్రకారమే తెల్లదుస్తులు తొడిగారు. ముఖంపై పెండ్లినాటి లేసుముసుగు కప్పారు. డెవన్ పల్లెస్త్రీలు అరువదేండ్ల క్రితం కన్నులు చిదుముకొని అల్లిన లేసు అది. ఆ తరువాత పెట్టె మూశారు. ఊరేగింపులో కిరీటం ఉన్నది. కాని అది ఆమె తలపై కాదు, పెట్టెపైన.

బ్రతికిన కాలంలో ఏది తనది, ఏది తన పదవిది అని ఆమె ఎరిగి వేరుపరచుకున్న తీరు చివరిక్షణంలో కూడ మారలేదు. పదవికి కిరీటం, మనిషికి పూలదండ, బానెటు, కుల్లాయి, పెండ్లిముసుగు. పాతరూపాయను చేతపట్టుకొని చూచే విద్యార్థికి దానిపైన పదవి మాత్రమే కనబడుతుంది. దాని క్రింద ఒక మనిషి ఉన్నదనియు, ఆ మనిషి ధరించిన గడ్డిని, పట్టును, లేసును అల్లిన వేల మనుష్యులు ఉన్నారనియు, ఆ రూపాయను పన్నుగా కట్టి ఆకలితో పడుకున్నవారు ఉన్నారనియు తెలుసుకొనడమే చరిత్ర చదవడం.